నడిచేవాళ్ళు ఈ వీధివాళ్ళు కారు

ఆర్డిస్ టాలెఫ్‌సన్‌కి డెబ్బై తొమ్మిదో ఏట లైసెన్సు పోయింది. కంటి డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమంటే రెండో వరస దాటలేకపోయింది. ఆమె చూపుకి సరిగ్గా నడిమధ్యన ఒక మసక మచ్చ పడింది. చుట్టుపక్కలంతా శుభ్రంగానే కనిపిస్తుంది. మనిషి ఎదురుగా నిలబడితే చెవులూ భుజాలూ చేతిలో సంచీ అన్నీ కనిపిస్తాయి, ముఖం మాత్రం ఉండదు. డాక్టరు కాగితం రాసి ఇచ్చాడు. ఆ సాయంత్రం ఆమె కారుని షెడ్డులో పెట్టి తలుపు దించింది, మళ్ళీ తియ్యలేదు.

కారు లేకపోతే నార్త్ ఫెన్‌విక్‌లో మనిషి ఇంట్లో ఉన్న కుర్చీతో సమానం. మినియాపొలిస్‌కి ఉత్తరాన, బంగాళదుంప పొలాలు చదును చేసి కట్టిన ఊరది. కెస్ట్రెల్ లేన్‌లో ప్రతి ఇంటి గడ్డీ తారురోడ్డు అంచుదాకా వచ్చి ఆగుతుంది. ఫుట్‌పాత్ లేదు. మందుల కొట్టూ, లైబ్రరీ, బస్సు ఆగే చోటూ అన్నీ అర మైలు దూరంలో పెద్ద రోడ్డు మీద ఉన్నాయి. ఆ అర మైలూ నడవాలంటే కార్లతో పాటు తారు మీదే నడవాలి. చలికాలంలో మంచు ఊడ్చే లారీ వచ్చి రోడ్డుకి రెండు వైపులా మోకాలి ఎత్తు గట్లు పోసి వెళ్తుంది. అప్పుడు అంచు కూడా ఉండదు.

ఈ సంగతులు ఆర్డిస్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆమె ఆ ఊరి మునిసిపల్ ఆఫీసులో క్లర్కు. కౌన్సిల్ మీటింగుల్లో ఎవరేమన్నారో రాసిందీ, టైపు చేసిందీ, బైండు చేయించి అలమరాలో పెట్టిందీ ఆమే. ఏ వీధిలో మురుగు గొట్టం ఏ సంవత్సరం వేశారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. భర్త గోర్డన్ పోయి పదకొండేళ్ళయింది. పిల్లల్లేరు. ఊరే తన సంతానం అన్నట్టు మాట్లాడేదని ఆఫీసులో నవ్వుకునేవాళ్ళు.

లైసెన్సు పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒక పొద్దున కంటి మందు అయిపోయింది. వాకర్ పట్టుకుని బయల్దేరింది. నాలుగిళ్ళు దాటేసరికి వెనక నించి కారు వస్తున్న చప్పుడైంది. పక్కకి తప్పుకోబోతే వాకర్ చక్రం మంచుగట్టులో దిగబడింది. ఆమె ఒక పక్కకి ఒరిగి పడిపోయింది. కారు హారన్ కొట్టి, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది.

ఆర్డిస్ ఇంటికి ఎదుటి ఇంట్లోంచి పార పట్టుకుని ఒకామె పరిగెత్తుకొచ్చింది. నాలుగున్నర అడుగుల మనిషి, ఊదారంగు ఊలు టోపీ, ఎవరిదో మగవాళ్ళ కోటు మోకాళ్ళు దాటి వేలాడుతోంది. పార పక్కన గుచ్చి, ఆర్డిస్ చంకల కింద చేతులు పెట్టి ఒక్క ఊపులో లేపి నిలబెట్టింది. తర్వాత కోటు దులుపుతూ, మంచు విదిలిస్తూ, ఇంటిదాకా పట్టుకు నడిపిస్తూ, దారి పొడుగునా తిట్టింది. అది హ్మాంగ్ భాష, లావోస్ కొండలవాళ్ళది. ఆర్డిస్‌కి ఒక్క ముక్క తెలియదు. అయినా ప్రతి మాటా అర్థమైంది. చిన్నప్పుడు పశువుల కొట్టం మీద నించి దూకినప్పుడు వాళ్ళ అమ్మమ్మ నార్వే భాషలో తిట్టిన తిట్లు కూడా ఇవే.

ఆమె పేరు యువా లోర్. డెబ్బై ఆరేళ్ళు. కొడుకు టూ జెర్, కోడలు మై చీతో ఆరేళ్ళుగా ఎదుటింట్లోనే ఉంటోంది. ఆరేళ్ళలో ఆర్డిస్ ఆ ఇంటి వాళ్ళకి కారులోంచి చెయ్యి ఊపడం తప్ప గుమ్మం తొక్కింది లేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆర్డిస్ తలుపు తీసేసరికి యువా మెట్ల దగ్గర నిలబడి ఉంది. నారింజ రంగు పట్టీల జాకెట్టు తొడుక్కుంది, రోడ్డు పనివాళ్ళు వేసుకునేది. మందుల కొట్టు వైపు వేలు చూపించింది. ఇద్దరూ బయల్దేరారు. కార్లు వచ్చే వైపు యువా, గడ్డి వైపు ఆర్డిస్. ఆ రోజు మొదలు ఎండైనా చలైనా అదే వరస. ఒకామెకి చూపు లేదు, ఒకామెకి ఇంగ్లీషు లేదు. మూల మలుపు దగ్గర ఆర్డిస్ ఆగి, చెవి పెట్టి వింటుంది. యువా చూసి ఆమె మోచెయ్యి తడుతుంది, అప్పుడు దాటుతారు. మంచు కరిగాక, మందుల కొట్టు పని చూసుకుని చర్చి వెనకాల స్థలంలో యువా పెంచే ఆవకూర మడి దగ్గరకి వెళ్ళేవాళ్ళు. ఆర్డిస్ బకెట్టు బోర్లించుకుని కూర్చుని కలుపు మొక్కలు తడిమి పీకేది. ఒక్కోసారి మొక్కలే పీకేది. యువా వేళ్ళ మీద కొట్టేది.

మై చీ వృద్ధుల ఆశ్రమంలో నర్సుకి సాయం పని చేస్తుంది. సెలవు రోజున వాకిట్లో కనిపిస్తే ఇద్దరి మధ్యా మాటలు చేరవేసేది.

"మా అత్తగారు అంటోంది, మీరు బాతులా నడుస్తారట. మీ వెనకాల పిల్ల బాతులు కూడా ఉంటే కార్లు అవే ఆగుతాయట."

"బాతులకేమమ్మా, వాటికి చెరువు చుట్టూ సిమెంటు దారి వేశారు ఈ ఊళ్ళో. నేనే మంజూరు కాగితం టైపు చేశాను," అంది ఆర్డిస్.

మై చీ అది చెబితే యువా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. ఆర్డిస్‌కి ఆ చెయ్యీ, కదులుతున్న భుజాలూ కనిపించాయి. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి తను ఒక స్నేహితురాల్ని సంపాదించుకున్నది ఇన్నాళ్ళకా అనుకుంది.

జూన్‌లో మునిసిపల్ ఆఫీసు నించి డెస్మండ్ కోలీ అనే అతను వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. చిన్నప్పుడు లైబీరియా నించి వచ్చి పక్క ఊళ్ళో పెరిగినవాడు. ఊరి సేవల్ని ముసలివాళ్ళకీ, కొత్తగా వచ్చినవాళ్ళకీ పనికొచ్చేటట్టు మార్చడం అతని ఉద్యోగం. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడం అతనికి చేతకాదు, ఆర్డిస్‌ని అమ్మా అనే పిలిచాడు. కాఫీ తాగుతూ లెక్కలు చెప్పాడు. నలుగురిలో ఒకరు అరవై ఐదు దాటినవాళ్ళు, సగం ఇళ్ళలో మాట్లాడేది ఇంగ్లీషు కాదు.

"ప్రతివాళ్ళకీ కారూ, కాళ్ళూ, ఇంగ్లీషూ మూడూ ఎప్పటికీ ఉంటాయనుకుని కట్టిన ఊరమ్మా ఇది. ఒక్కటి పోయినా మనిషి పనికిరాడు. దీన్ని ఎక్కడ విప్పి ఎక్కడ కుట్టాలో మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు," అన్నాడు.

ఆ మాటతో ఆర్డిస్ ఇరవై ఏళ్ళు చిన్నదైపోయింది. అతను వేస్తున్న తొమ్మిదిమంది కమిటీలో చేరింది. నీళ్ళ బిల్లు పెద్ద అక్షరాల్లో రావాలంది, బస్సు ఆగే చోట బల్ల వెయ్యాలంది. కెస్ట్రెల్ లేన్‌కి ఫుట్‌పాత్ కావాలని బల్ల గుద్ది చెప్పింది. నోటీసులు నాలుగు భాషల్లో వెయ్యాలనీ, కౌన్సిల్ మీటింగుల్లో ఇంగ్లీషు రానివాళ్ళ చెవికి వాళ్ళ భాష అందేట్టు దుబాసీని పెట్టాలనీ పట్టుపట్టింది కూడా ఆమే. ఫుట్‌పాత్ గురించి యువా తన నోటితో తను చెప్పాలని ఆమె కోరిక.

హ్మాంగ్‌లో వేసిన మొదటి నోటీసు చూసి మై చీ పడీ పడీ నవ్విందట. ప్రజల మాట వినే సమావేశం అని రాయబోయి, ప్రజలందరికీ చెవి పరీక్ష అని అచ్చేశారట. అది సరిచేయించడానికి ఆర్డిస్ ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేసింది.

ఒకరోజు కమిటీలో డెస్మండ్ మామూలుగా అడిగాడు, ఈ వీధికి ఇదివరకెప్పుడూ ఫుట్‌పాత్ మాట రాలేదా అని. ఆర్డిస్ కాఫీ కప్పు తిప్పుతూ, వచ్చిందనీ, అప్పటివాళ్ళకి అక్కర్లేకపోయిందనీ అంది. అబద్ధం కాదు. కానీ నిజం ఆ పొట్టి మాటలో ఇమిడేది కాదు. ఆమెకి ఆ సంగతి గుర్తు లేకపోలేదు. పాత కాగితం, ఎవరికి పట్టింది, అలమరాలో ఎక్కడో అడుగున ఉంటుంది అని సర్దిచెప్పుకుంది. అలమరా తాళం తన చేతిలో లేదన్న మాట మరిచిపోయింది.

అక్టోబరులో ఫుట్‌పాత్ గురించి కౌన్సిల్ సమావేశం పెట్టారు. హాల్లో అరవైమంది దాకా ఉన్నారు. వెనక మూల ఒక చిన్న బల్ల దగ్గర హ్మాంగ్ దుబాసీ కూర్చుని మైకులో గొణుగుతున్నాడు. యువా మంచి జాకెట్టు వేసుకుని, చెవులకి అతని మాట వినిపించే యంత్రం తగిలించుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కన టూ జెర్, మై చీ. ఆర్డిస్ నడవకి అవతలి కుర్చీలో కూర్చుంది.

మొదట టూ జెర్ లేచాడు. ఫుట్‌పాత్ వద్దన్నాడు. అతను వద్దంటాడని ఆర్డిస్‌కి తెలుసు. రెండు రోజుల ముందే వాకిట్లో నిలబడి, మీ మీద గౌరవం లేక కాదని మర్యాదగా చెప్పి వెళ్ళాడు.

"మా అమ్మ రోజూ ఆ రోడ్డు మీదే నడుస్తుంది, ఆ భయం నాకు లేదనుకోకండి," అన్నాడతను. "కానీ మీ కాగితంలో ఏముంది? ఎవరి ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద మంచు పడితే వాళ్ళు ఒక రోజులోగా ఎత్తాలి, లేకపోతే జరిమానా. నేను పొద్దుటి షిఫ్టు, నా భార్య సాయంత్రం షిఫ్టు. ఇంట్లో ఉండేది ఎవరు? ఆవిడే. నడవమని దారి వేసి, ఆ దారి తవ్వుకునే పని కూడా ఆవిడకే ఇస్తున్నారు మీరు."

చాలామంది తలలూపారు. ఆర్డిస్‌కి కూడా ఆ మాట నిజమే అనిపించింది. తన వంతు వచ్చినప్పుడు, ముసలివాళ్ళ ఇళ్ళ ముందు మంచు మునిసిపాలిటీయే ఎత్తాలని అప్పటికప్పుడు కలిపి చెప్పింది. ఫిబ్రవరిలో పడిపోయిన సంగతి చెప్పింది. నన్ను లేపినామె ఇదిగో ఇక్కడే ఉంది, నేను ఈ వీధిలో నడవగలుగుతున్నానంటే ఆమె కార్ల వైపు నడవబట్టే అంది. చప్పట్లు కొట్టారు. దుబాసీ గొణుగుడు ఒక క్షణం ఆలస్యంగా ఆగింది. యువా తల వంచుకుని టోపీ సర్దుకోవడం ఆర్డిస్‌కి ఓరగా కనిపించింది.

తర్వాత కౌన్సిల్ సభ్యుడు లైల్ వెస్ట్రమ్ మాట్లాడాడు. ఎనభై ఏళ్ళ మనిషి, గోర్డన్‌తో కలిసి చేపలకి వెళ్ళేవాడు. అతనికి ఫుట్‌పాత్ ఇష్టం లేదు. పాత తరం తెలివితక్కువది కాదని చెప్పడానికి అలమరాలోంచి ఒక కాగితం తీయించి తెచ్చుకున్నాడు.

"పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో ఇదే వీధికి ఫుట్‌పాత్ మంజూరైంది. రాష్ట్రమే సొమ్ము ఇస్తానంది, ఇంటివాళ్ళకి పైసా ఖర్చు లేదు. అయినా నలభై మూడు ఇళ్ళవాళ్ళు వద్దని అర్జీ పెట్టారు. ఎందుకు వద్దన్నారో ఇంత చక్కగా రాసిన అర్జీ నేను మళ్ళీ చూడలేదు. మన ఆర్డిస్ రాసిందే. మొదటి సంతకం కూడా ఆమెదే. ఏం ఆర్డిస్, చదవనా?"

అతని గొంతులో వెటకారం లేదు. పాత స్నేహితురాలిని నలుగురిలో మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. అతను కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. చెట్ల వేళ్ళ గురించీ, గడ్డి గురించీ రెండు వాక్యాలు. తర్వాతది ఇది.

"తూర్పు చివర కట్టిన అపార్ట్‌మెంట్ల వాళ్ళ కోసం మా ముంగిళ్ళు వదులుకోమనడం న్యాయం కాదు. ఈ వీధిలో ఉండేవాళ్ళు నడవరు. నడిచేవాళ్ళు ఈ వీధివాళ్ళు కారు."

వెనక మూల దుబాసీ ఒక్క క్షణం ఆగాడు. అతను కూడా ఆ అపార్ట్‌మెంట్లలోనే పుట్టినవాడని తర్వాత తెలిసింది. ఆగి, గొంతు సవరించుకుని, ఆ మూడు వాక్యాలూ మెల్లగా, విడివిడిగా, ఏదీ వదలకుండా హ్మాంగ్‌లో చెప్పాడు. అతను చెప్పేది ఆర్డిస్‌కి వినిపిస్తూనే ఉంది. తను అడిగి పెట్టించిన మనిషి, తను రాసిన మాటల్ని, ఫుట్‌పాత్ సంగతి ఎవరి నోట చెప్పించాలనుకుందో ఆమె చెవిలోకే పోశాడు.

యువా చెవుల యంత్రం తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆర్డిస్ అటు తిరిగి చూసింది. ఊదా టోపీ కనిపించింది, జాకెట్టు గుండీలు కనిపించాయి. ముఖం ఉండాల్సిన చోట ఎప్పటి మచ్చే ఉంది.

టూ జెర్ మైకు దగ్గరకి రాలేదు, కూర్చున్నచోటే లేచాడు.

"ఏ సంవత్సరం అన్నారు?"

వెస్ట్రమ్ మళ్ళీ చెప్పాడు.

"మేము ఆ అపార్ట్‌మెంట్లలోకి వచ్చింది తొంభైలో. తొంభై మూడు జనవరిలో మా నాన్న అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని దిగి, బస్సు దిగి, ఈ వీధిలోనే ఇంటికి నడిచి వస్తున్నాడు. మంచుగట్టుకీ కారుకీ మధ్య ఆయనకి చోటు లేకపోయింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. చనిపోయేదాకా కుంటుతూనే ఉన్నాడు, మళ్ళీ పని చెయ్యలేదు. ఈ రోడ్డుకి ఫుట్‌పాత్ ఎందుకు లేదని నేను చిన్నప్పుడు అడిగితే, ఈ దేశంలో కొన్ని రోడ్లకి ఉంటాయి, కొన్నిటికి ఉండవు, వానలాగే, అన్నాడు మా నాన్న." కాస్త ఆగాడు. "నేను వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెయ్యండి. మంచు నేను ఎత్తుతాను."

మేయరమ్మ యువా పేరు పిలిచింది. జాబితాలో తర్వాతి పేరు ఆమెదే. మై చీ వద్దని చెయ్యి పట్టుకుంది గాని యువా లేచి వెళ్ళింది. మైకు ఆమెకి ఎత్తయింది, డెస్మండ్ వచ్చి దించాడు. ఆమె రెండు మాటలు అంది. దుబాసీ ఇంగ్లీషులో చెప్పాడు.

"చెప్పాలని ఒక మాట తెచ్చుకున్నాను. ఇప్పుడది నా దగ్గర లేదు."

వచ్చి కూర్చుంది. కౌన్సిల్లో నలుగురు ఔనన్నారు, వెస్ట్రమ్ ఒక్కడే కాదన్నాడు. ఫుట్‌పాత్ మంజూరైంది. చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు. ఆర్డిస్ అడిగినదంతా ఆ సాయంత్రం ఆమెకి దక్కింది.

డెస్మండ్ తన కారులో ఆమెని ఇంటి దగ్గర దింపాడు. ఇంజను ఆపాక అన్నాడు.

"నాకు చెప్పి ఉండొచ్చు కదమ్మా."

"చెబితే నన్ను కమిటీలో ఉండనిచ్చేవాడివా?"

"ఉండనిచ్చేవాణ్ణి. కాకపోతే ఆ కాగితం సంగతి మీ నోటే మొదట చెప్పించేవాణ్ణి."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆర్డిస్ తలుపు తీసింది. మెట్ల దగ్గర ఎవరూ లేరు. పదింటిదాకా కోటు వేసుకునే కూర్చుంది.

తర్వాత రోజుల్లో ఆమె తొంభై ఒకటిని మళ్ళీ మళ్ళీ తవ్వుకుంది. వంటింటి బల్ల మీద గోర్డనూ తనూ ఆ అర్జీ ముసాయిదా రాసిన సాయంత్రం గుర్తొచ్చింది. చెట్లనీ గడ్డినీ ముందు పెట్టమన్నది గోర్డన్. ఆ చివరి వాక్యం మాత్రం తనదే. రాసి, చదువుకుని, ఎంత బాగా కుదిరిందో అని మురిసింది. ఆఫీసు టైపుమిషను మీద టైపు చేసింది. బస్సు దిగి చేతిలో సంచులతో, పిల్లలతో, కిటికీ ముందు నించి నడిచిపోయేవాళ్ళని చూస్తే తనకి భయం వేసేదని ఎక్కడా రాయలేదు. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ప్రతి నెలా పోలీసులు కౌన్సిల్‌కి పంపే నివేదిక టైపు చేసేది తనే. తొంభై మూడు జనవరి నివేదికలో పాదచారి ఒకరికి గాయాలు అని ఒక వరస ఉండే ఉంటుంది. పేరు ఉండదు. ఆ వరస తన వేళ్ళ కింద నించే పోయి ఉంటుంది. ఎంత ప్రయత్నించినా అది గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే ఆమెని ఎక్కువ కోసింది.

తొమ్మిదో రోజున యాపిల్ కేకు చేసి, వాకర్ బుట్టలో పెట్టుకుని, రోడ్డు దాటి వెళ్ళి బెల్లు కొట్టింది. మై చీ తలుపు తీసింది. కాసేపటికి వెనకాల ఊదా టోపీ వచ్చి నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఆర్డిస్ రాత్రంతా కూడబలుక్కున్న మాట అంది. ఆ కాగితం రాసినప్పుడు మీరెవరో నాకు తెలియదు, తెలిసి ఉంటే అలా రాసేదాన్ని కాదు అని చెప్పమంది.

మై చీ చెప్పలేదు.

"ఈ మాట నేను చేరవెయ్యను మిసెస్ టాలెఫ్‌సన్. ఇంకోటి ఏదైనా ఉంటే చెప్పండి."

"ఏం, ఎందుకని?"

"తెలియనివాళ్ళ కాళ్ళు విరిగితే పరవాలేదనేగా దాని అర్థం? ఆవిడకి ఈ మాట అక్కర్లేదు. నేను రోజంతా మీ వయసువాళ్ళకి స్నానాలు చేయిస్తాను. వాళ్ళలో ఒక్కరూ నాకు ముందు తెలిసినవాళ్ళు కారు."

ఆర్డిస్ వాకర్ పిడి గట్టిగా పట్టుకుంది. తప్పు చేశాను, అంది. అంతే అంది. మై చీ అది చెప్పింది.

యువా జవాబు చెప్పింది. కోపంగా కాదు, కూరగాయల బేరం చెప్పినంత మామూలుగా, నెమ్మదిగా చాలాసేపు చెప్పింది. మై చీ మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది కొంచెమే అయింది.

"లావోస్‌లో యుద్ధమప్పుడు మా మామగారు వాళ్ళమ్మని వీపున వేసుకుని పన్నెండు రాత్రులు అడవిలో నడిచాడట. నది దాటాడట. దారి పొడుగునా కాల్చేవాళ్ళున్నారు, అయినా కాళ్ళకి ఏమీ కాలేదు. ఇక్కడ బస్సు దిగి అర మైలు నడవలేకపోయాడు అంటోంది. కాల్చినవాళ్ళని ఆయన శత్రువులనేవాడు, వాళ్ళెవరో తెలుసు కాబట్టి. ఈ రోడ్డు మీద జరిగినదానికి ఎవరినీ ఏమీ అనలేదు, ఎవరూ లేరనుకున్నాడు కాబట్టి. పోయేదాకా తన అజాగ్రత్తే అనుకుని సిగ్గుపడ్డాడు."

మై చీ వంగి బుట్టలోంచి కేకు తీసుకుంది.

"ఇది ఉంచుకుంటాం. తెచ్చింది వెనక్కి పంపడం మర్యాద కాదు. కానీ పొద్దున్నే తలుపు తీసుకుని ఎదురుచూడొద్దంటోంది. రోడ్డు మీద కంటికి ఆనని నల్ల మంచు కట్టిందట, చూసుకుని దాటమంటోంది."

ఆ చలికాలం మునిసిపాలిటీ వాళ్ళు చిన్న వ్యాను పెట్టారు, వారానికి రెండు రోజులు. ఆర్డిస్ అందులో మందుల కొట్టుకి వెళ్ళొచ్చింది. వేసవి రాగానే కెస్ట్రెల్ లేన్ ఉత్తరం వైపు తవ్వి, చట్రాలు కట్టి, సిమెంటు పోశారు. మూలల్లో చక్రాలు దిగడానికి వాలు పెట్టారు. ముసలివాళ్ళ ఇళ్ళ ముందు మంచు మునిసిపాలిటీయే ఎత్తేట్టు తీర్మానం కూడా అయింది. డెస్మండ్ రాష్ట్రానికి పంపే నివేదిక కోసం ఫోటో తీయించాడు. ఇద్దరు ముసలమ్మలూ కలిసి నడుస్తున్నట్టు కావాలని ఎవరో పైవాళ్ళు అన్నారట. అతను ఎదుటింటి తలుపు తట్టలేదు. ఆర్డిస్ ఒక్కతే వాకర్ పట్టుకుని నిలబడింది. ఎటు చూడాలో తెలియక పక్కకి చూసింది.

ఇప్పుడు ఆ ఫుట్‌పాత్ మీద వీధంతా నడుస్తుంది. సోమాలీ తల్లులు పిల్లల బండ్లు తోసుకుంటూ వెళ్తారు. లైల్ వెస్ట్రమ్ కూడా తుంటి ఆపరేషను అయ్యాక కర్ర పట్టుకుని దాని మీదే పచార్లు చేస్తున్నాడు. నడవనిది యువా ఒక్కతే. ఆమె నారింజ జాకెట్టు తొడుక్కుని, ఎప్పటిలాగే తారు మీద, ఫుట్‌పాత్‌కి మూడడుగుల దూరంలో నడుస్తుంది. టూ జెర్ బతిమాలాడు. ఒకరోజు పోలీసు కారు ఆపి, అమ్మా పైకెక్కి నడవండి అని సైగ చేశాడు. ఆమె అతనికి నమస్కారం లాంటిది పెట్టి, ముందుకి సాగింది.

ఆగస్టులో ఒక పొద్దున ఇద్దరూ ఒకే సమయానికి బయల్దేరడం జరిగింది. ఆర్డిస్ సిమెంటు మీద, యువా తారు మీద. ఆర్డిస్‌కి ఎదురుగా ఉన్నవి కనిపించవు గాని పక్కనున్నవి బాగా కనిపిస్తాయి. నారింజ పట్టీలు తనతో సమానంగా కదలడం కనిపిస్తూనే ఉంది. వెనక నించి కారు వచ్చి హారన్ కొట్టింది. ఆర్డిస్ ఉలిక్కిపడి ఆగింది. యువా ఆగలేదు. కారు పక్కకి జరిగి వెళ్ళిపోయింది. ఆర్డిస్ తనకి వచ్చిన ఒకే ఒక్క హ్మాంగ్ మాట, పలకరింపు మాట, కాస్త గట్టిగానే అంది. మడి దగ్గర నేర్చుకున్న మాటది. అటు నించి ఏమీ రాలేదు. మలుపు దగ్గర యువా చర్చి వైపు తిరిగిపోయింది.

మందుల కొట్టులో పిల్ల సీసా సంచీలో పెడుతూ, కొత్త ఫుట్‌పాత్ ఎలా ఉందని అడిగింది.

బాగుంది, అంది ఆర్డిస్. ఎక్కడా ఎత్తుపల్లాల్లేవు.